పాలెగాడు, కీచకుడు: తిరుపతి సీమ జాతర కథలలో బాధితురాలి స్థానము

తిరుపతి గంగజాతరను గూర్చి పరిశోధకులు చేసిన కృషి తక్కువది కాదు. పేట శ్రీనివాసులు రెడ్డి గారు ఈ జాతరపై తెలుగులో ప్రత్యేక పరిశోధన చేసిరి. డాన్ హాండెల్మన్ గారు దేవి ధరించు వేషములను, వాని ద్వారా పురుషుడు పొందు పరిణామమును 1995లో వెలువడిన తమ ఆంగ్ల రచనలో చర్చించిరి. 2013లో జాయిస్ ఫ్లూకిగర్ గారు జాతర లోకమంతయు స్త్రీమయమగు తీరును ఒక పూర్ణగ్రంథముగా వివరించిరి. వీరందరి కృషికి మేము ఋణపడియున్నాము. అయినను వీరు ప్రధానముగా చర్చింపని ప్రశ్న యొకటి మిగిలియున్నదని మాకు తోచుచున్నది. ఈ జాతర కథ స్త్రీలపై జరిగిన అత్యాచారముతో మొదలగును. ఆ అత్యాచారమునకు గురియైన స్త్రీలు కథలో ఎక్కడ నున్నారు? ప్రస్తుత వ్యాసము ఈ ఒక్క ప్రశ్నకే పరిమితము.

ఈ ప్రశ్న కేవలము కథాశాస్త్రమునకు సంబంధించినది కాదు. ఏటేట మే మాసమున జాతర వచ్చినప్పుడెల్ల గంగమ్మ కథను స్త్రీరక్షణకు నిదర్శనముగా వేదికలమీదను పత్రికలలోను చెప్పుట పరిపాటి యైనది. స్త్రీలపై జరుగు హింసను గూర్చి ప్రజలకు తెలియజెప్పుటకు ఈ సీమలో ఇంతకన్న సుపరిచితమైన కథ మరియొకటి లేదు. చెప్పవలసిన విషయమును ఆ కథ ఎంతవరకు చెప్పగలదు, ఎక్కడ చెప్పలేక నిలిచిపోవును అన్నది పరిశీలింపదగినది.

కథ సుప్రసిద్ధమే. తిరుపతి ప్రాంతమును ఏలుచుండిన ఒక పాలెగాడు కామాంధుడై కంటబడిన స్త్రీని విడువకుండెను. క్రొత్తగా పెండ్లియైన వధువు మొదటి రాత్రి తనకడకే రావలెనని శాసించెనని కొందరు చెప్పుదురు. ప్రజల మొర విని జగన్మాత గంగమ్మగా అవతరించి తిరుపతి ప్రక్కనున్న అవిలాల గ్రామమున ఒక యింట పెరిగెను. యౌవనవతియైన ఆమెపై పాలెగాని కన్ను పడినది. అతడు చేయి పట్టబోగా ఆమె తన నిజరూపము చూపెనని ఒక కథనము. పెండ్లి వేళ చూపెనని మరియొక కథనము. పాలెగాడు భీతుడై పారిపోయి దాగెను. గంగమ్మ దినమునకొక వేషము వేసి అతనిని వెదకెను. తుదకు ఆమె దొర వేషము ధరింపగా, తనకు పైవాడగు ప్రభువు వచ్చెనని నమ్మి పాలెగాడు బయటికి వచ్చెను. ఆమె అతని తల నరికెను.

చాటింపుతో జాతర ఆరంభమగును. పిమ్మట బైరాగి వేషము, బండ వేషము, తోటి వేషము, దొర వేషము, మాతంగి వేషము, సున్నపు కుండలు వరుసగా వచ్చును. కైకాల కుటుంబమువారికి ఈ వేషములు ధరించు మిరాసీ కలదు. మ్రొక్కు ఉన్న సామాన్య పురుషులు సైతము చీర కట్టి, జడ వేసి, పూలు ముడిచి దేవిని దర్శింతురు. తిరుమల వేంకటేశ్వరునికి గంగమ్మ చెల్లెలని ప్రతీతి. దేవస్థానమునుండి పుట్టింటి సారె ఆమెకు వచ్చును. తుదినాడు మట్టితో విశ్వరూపమును నిర్మించి, ఆ రూపము చెంప తొలగించి, ఆ మన్నును ప్రసాదముగా పంచుదురు. ఈ వివరములు ఇంతటితో చాలును. క్రతు వివరణ మా ఉద్దేశము కాదు.

ఇప్పుడు కథాపాత్రలను లెక్కింతము. పాలెగాడు కలడు. గంగమ్మ కలదు. ఆమెను పెంచినవారు కలరు. దొర వెంట నడచు మంత్రి కలడు. పాలెగాని భార్య సైతము కలదు. పాలెగాడు హతుడైన పిదప దుఃఖించుచున్న అతని భార్యను ఓదార్చుటకే గంగమ్మ మాతంగి వేషమున వెళ్ళెనని జనులు చెప్పుకొందురు. ఇది ఎంతో ఉదాత్తమైన ఘట్టము. చంపినవాని ఇంటికి చంపిన తల్లియే పోయి, అతని ఆలి కన్నీరు తుడుచుట మన పురాణములలో అరుదుగా కనిపించును. కాని ఈ ఘట్టము ఉన్నందుననే కథలోని లోటు మరింత స్పష్టమగుచున్నది. ఓదార్పు అను భావము ఈ కథకు తెలియును. ఇల్లిల్లు తిరిగి పలుకరించుట తెలియును. అయినను పాలెగాని చేత చెరచబడిన స్త్రీల ఇంటికి ఏ వేషమును పోలేదు. వారి పేర్లు లేవు, మాటలు లేవు, పాలెగాడు చచ్చిన తరువాత వారేమైరి అను ప్రశ్న కూడ లేదు. వారు కథకు కారణము మాత్రమే. కథలో పాత్రలు కారు.

దీనికి రెండు సమాధానములు రాగలవు. గంగమ్మయే ఆ స్త్రీలందరి సమష్టి రూపమని, ఆమె మాటయే వారి మాటయని మొదటిది. ఇది భక్తుని దృష్టిలో సత్యమే. కాని కథను కథగా చదువువానికి ఒక భేదము తోపక మానదు. గంగమ్మను పాలెగాడు తాకలేకపోయెను. తాకబోగానే ఆమె విశ్వరూపిణి యయ్యెను. తాకబడిన స్త్రీకి విశ్వరూపము లేదు. తప్పించుకొన్న దేవత, తప్పించుకొనలేని మానవస్త్రీకి ప్రతినిధి యగుట ఎట్లు? పైగా అట్టి ప్రాతినిధ్యమునుండి ఒక ప్రమాదకరమైన తలపు పుట్టుచున్నది: నిజముగా శక్తి గలది, శీలము గలది అయినచో ఏదో విధముగ అడ్డుకొనియుండెడిది గదా యని. న్యాయస్థానములలో బాధితురాలిని ఏండ్ల తరబడి అడిగిన ప్రశ్న ఇదియే. దేహముపై పెనుగులాట గుర్తులు లేవన్నదానికి ప్రాధాన్యమిచ్చి, పోలీసు ఠాణాలో జరిగిన అత్యాచారపు వ్యాజ్యెమున నిందితులను సుప్రీంకోర్టు విడుదల చేయగా, 1979లో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు బహిరంగ లేఖ వ్రాసిరి. దేశమంతట అలజడి రేగి 1983లో చట్టము సవరింపబడినది. దేవత కథను మానవస్త్రీకి కొలబద్దగా వాడరాదని చెప్పుటకు ఈ చరిత్ర చాలును.

రెండవ సమాధానము స్త్రీవేషమునకు సంబంధించినది. పురుషుడు ఏడాదికొక్కమారు చీర కట్టుటలో స్త్రీ స్థితిని అనుభవించు శిక్షణ కలదని, కనుక జాతరయే పురుషునికి పాఠమని కొందరి అభిప్రాయము. ఫ్లూకిగర్ గారి పరిశీలనలోను ఈ భావమునకు దగ్గరైనది కలదు. మేము దీనిని త్రోసిపుచ్చము. ఉగ్రదేవత ఎదుట పురుషుడు పురుషుడుగా నిలువలేడన్న తలపు సామాన్యమైనది కాదు. కాని వేషధారి ధరించునది దేవత ఎదుటికి పోవు స్త్రీ రూపము. పాలెగాని ఎదుట నిలిచిన స్త్రీ రూపము కాదు. జాతర నాళ్ళలో బూతులాడుట ఆచారము. దాగిన పాలెగానిని రెచ్చగొట్టి బయటికి రప్పించుటకే ఇట్లు తిట్టుదురని జనుల వివరణ. పాలెగానిని తిట్టుటకు వాడు తెలుగు బూతులలో పెక్కింటికి గురి స్త్రీ దేహమే యగుట మాత్రము ఎవ్వరును గమనించినట్లు లేదు.

పాలెగాడెవడు అన్న విషయమును గూడ కొంత విచారింపవలసియున్నది. విజయనగర కాలమునుండి ఈ సీమను పాలెములుగా పంచుకొని ఏలినవారు పాలెగాండ్రు. 1801లో చిత్తూరు ప్రాంతము ఆర్కాటు నవాబు చేతినుండి ఈస్టిండియా కంపెనీ వశమైన పిదప కొలది సంవత్సరములలోనే వారి అధికారము అంతరించినది. పదవి పోయినను పేరు నిలిచినది. జనుల నోట పాలెగాడనగా అడ్డులేని బలవంతుడని అర్థము స్థిరపడినది. ఇదే సీమలో చౌడేపల్లె వద్దనున్న బోయకొండ గంగమ్మ కథను చూడుడు. అక్కడను స్త్రీలపై దౌర్జన్యమే మూలము. దౌర్జన్యము చేసినవారు మాత్రము నవాబు సైనికులని చెప్పుదురు. కథ కట్టినవారికి ఎవడు పైనుండి ఏలుచుండెనో వాడే దుష్టుడగును. దీనిని చరిత్రగా గ్రహించి ఒక మతమువారికో ఒక కులమువారికో అంటగట్టుట కథను తప్పుగా చదువుటయే. కథ చెప్పుచున్నది అధికారమును గూర్చి.

అధికారమును గూర్చి చెప్పుటలో కథ గట్టిది. కాని దుష్టుడు ఎల్లప్పుడు వెలుపలివాడు, పైవాడు, ఊరందరికి తెలిసినవాడు అన్న భావమును అది స్థిరపరచుచున్నది. లెక్కలు వేరు విధముగ నున్నవి. 2019-21 నడుమ జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము భారతదేశమున 18 నుండి 49 ఏండ్ల వయసు గల వివాహిత స్త్రీలలో సుమారు నూటికి 29 మంది భర్త చేత శారీరక హింసకో లైంగిక హింసకో గురియైనవారు. ఏదో యొక హింసకు లోనైన స్త్రీలలో సహాయమర్థించినవారు నూటికి 14 మంది మాత్రమే. నూటికి 77 మంది సహాయము కోరనూ లేదు, ఎవ్వరితోను చెప్పుకొననూ లేదు. పాలెగాడు కోటలో లేడు, పడమటింటిలో నున్నాడు. అతనిని పట్టుటకు దొర వేషము పనికిరాదు. ఎందుకనగా అతడు దాగుకొనలేదు.

ఇంతవరకు చెప్పినదంతయు లోటును గూర్చి. ఆ లోటును పూరించు సామగ్రి ఈ సీమ ప్రదర్శన వాఙ్మయముననే కలదని మా అభిప్రాయము. చిత్తూరు, తిరుపతి జిల్లాల గ్రామములలో ద్రౌపదీ సమేత ధర్మరాజస్వామి ఆలయములు పెక్కు గలవు. వానియందు వేసవి నాళ్ళలో భారతము జరుగును. పగలు హరికథ, రాత్రి వీధినాటకము. నడుమ బకాసుర వధ, అర్జున తపస్సు. తుదకు నేలపై మట్టితో మలచిన మహాకాయుడగు దుర్యోధనుని వధ, ద్రౌపది కురులు ముడుచుట, అగ్నిగుండ ప్రవేశము. గంగజాతరలోవలెనే ఇక్కడను మట్టి రూపమొకటి కలదు. ఇక్కడను స్త్రీకి జరిగిన అవమానమే కథకు బీజము. కాని ఇక్కడ అవమానింపబడినదే కథను నడుపుచున్నది. కురుసభలో ఆమె అడిగిన ప్రశ్న, తన్ను తాను ఓడిన భర్తకు నన్ను పణమొడ్డు హక్కు ఎక్కడిది యను ప్రశ్న, పదునెనిమిది దినములును వినబడుచునే యుండును. వికర్ణుడును విదురుడును తప్ప పెద్దలెవ్వరును సూటిగా మాటాడరు. భీష్ముడంతటివాడు ధర్మము సూక్ష్మమనును.

అయితే మా ప్రశ్నకు కురుసభకంటె విరాటుని సభ ఎక్కువ ఉపకరించును. విరాటపర్వమును వానలకై చదివించుట తెలుగునాట పాత ఆచారము. కరవు సీమయగు రాయలసీమలో దీనికి కొదవ లేదు. తిక్కన చేతిలో ఈ పర్వము నాటకమువలె నడచునని మన విమర్శకులందరు మెచ్చినదే. అందు కీచకవధను ఇంతకాలము వీర శృంగారాభాసముల దృష్టితో చూచితిమి. భీముని ఉద్ధతిని, కీచకుని మోహమును, నర్తనశాల చీకటిని మెచ్చుకొంటిమి. 1963లో వచ్చిన ‘నర్తనశాల’ చలనచిత్రమున ఎస్.వి. రంగారావు గారి కీచకుడు నేటికిని ప్రేక్షకుల కన్నులలో మెదలుచున్నాడు. సైరంధ్రి దృష్టితో ఆ కథను మొదటినుండి తుదివరకు చూచినచో అది వేరొక కథగా తోచును.

సైరంధ్రి తన యజమానురాలితో ముందే చెప్పినది. కీచకుని ఇంటికి నన్ను పంపవలదని వేడినది. అన్నీ తెలిసియే సుదేష్ణ కల్లు తెమ్మని ఆమెను తమ్ముని ఇంటికి పంపినది. అతడు పట్టబోగా ఆమె పరుగున సభకు వచ్చినది. రాజు చూచుచుండగనే కీచకుడామెను తన్నెను. ఆమె సభను నిలదీసినది. విరాటుడు తన బావమరది బలమునకు వెరచి, జరిగినదేమో నాకు తెలియదన్నట్లు మాటాడెను. కంకుడుగా నున్న స్వంత భర్త, ఇక్కడ ఏడ్చుచు నిలువక లోనికి పొమ్మనెను. అతనికి అజ్ఞాతవాస భయము కలదు. కాని సభలోని తక్కినవారికి ఆ భయము లేదు. వారును ఊరకే యుండిరి. ఆమె లోనికి పోగా, పంపిన సుదేష్ణయే, నీవు కోరినచో కీచకుని చంపింతునన్నది! పనిచేయు చోట స్త్రీకి జరుగు లైంగిక వేధింపును గూర్చి 2013లో మన దేశమున శాసనము వచ్చినది. ఆ శాసనపు ఆవశ్యకతను వివరింపదలచినవారు ఈ ఘట్టముకన్న మంచి ఉదాహరణను వెదకి తేలేరు. ఫిర్యాదు ముందే చేసినది, పై అధికారిణి వినలేదు, నిందితుడు యజమానికి బంధువు, విచారణ సభలో అతని బలమునకే వెరపు, తుదకు నోటిమాటగా కఠినశిక్ష వాగ్దానము.

భీముడు కీచకుని చంపెను. సామాన్యముగ మన దృష్టి ఇక్కడితో ఆగి గోగ్రహణమునకు మరలును. పాలెగాని తల తెగినచోట గంగమ్మ కథ ముగిసినట్లే, కీచకుని మాంసపు ముద్ద కనబడినచోట ఈ కథయు ముగిసినట్లు భావింతుము. కాని వ్యాసుడు ముగింపలేదు, తిక్కనయు ముగింపలేదు. ఉపకీచకులు వచ్చి, మా అన్న చావునకు ఇదియే కారణమని సైరంధ్రిని శవముతో పాటు కట్టి శ్మశానమునకు మోసికొనిపోయిరి. అట్లు చేయుటకు విరాటుని అనుమతియు లభించెను. భీముడు మరల పోయి విడిపించెను. ఆమె ఊరిలోనికి తిరిగి రాగా వీధులలోని జనులు ఆమెను చూచి భయపడి పారిపోయిరి. ఈమె రూపవతి, ఈమె గంధర్వులు బలవంతులు, పురుషులు కామాతురులు, ఈమె వలన మన పురమునకు చేటు కలుగునని పౌరులు రాజునకు విన్నవించిరి. రాజు సుదేష్ణ నోట, నీవు మా ఊరు విడిచి పొమ్మని చెప్పించెను. సైరంధ్రి పదమూడు దినములు గడువడిగినది.

ఈ పదమూడు దినముల గడువు మా దృష్టిలో కీచకవధోపాఖ్యానమునకు శిఖరము. దోషికి శిక్ష పడినది, కఠినముగనే పడినది, ఒక్క రాత్రిలోనే పడినది. అయినను బాధితురాలికి ఉండుటకు చోటు లేదు. ఊరు భయపడినది కీచకుని చూచి కాదు, ఆమెను చూచి. పాలెగాని సంహారముతో అందరును సుఖముగ నుండిరని చెప్పు కథ ఎక్కడ నిలిచిపోయినదో భారతము అక్కడినుండి ముందునకు నడచినది. మన విమర్శకులు ఈ భాగమును ఉపసంహార మాత్రముగ దాటివేయుట విచారకరము.

మరియొక అంశము. సైరంధ్రి తన పేరు చెప్పరాదు. అజ్ఞాతవాస నియమము ఆమె నామమును కప్పియున్నది. ఐనను ఆమె మాట సభలో వినబడినది. అత్యాచారమునకు గురియైన స్త్రీ పేరును వెల్లడించుట నేరమని 1983 సవరణతో మన శిక్షాస్మృతిలో చేరినది. 2024 జులై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోను ఆ నిబంధన కొనసాగుచున్నది. ఇది ఆమె రక్షణకై ఏర్పడిన మౌనము. గంగజాతర కథలోని స్త్రీలకు పేరు లేకుండుట అట్టిది కాదు. అది పట్టించుకొనకపోవుట వలన కలిగిన మౌనము. పేరు దాచి మాట వినుట ఒకటి, మాటనే లేకుండ చేయుట మరియొకటి. ఈ రెండింటిని మన ప్రచారకులు తరచు కలగలిపి, ముఖము కప్పుకొని కూర్చున్న నీడబొమ్మనొకటి గోడపై చిత్రించి ఊరకుందురు.

విరాటుని సభ పురాణమున మాత్రమే ఉన్నదనుకొనరాదు. 1978లో హైదరాబాదులో ఒక స్త్రీ పోలీసు ఠాణాలో అత్యాచారమునకు గురియైనది; అడ్డగింపబోయిన ఆమె భర్త దెబ్బలకు మరణించెను. నగరము అట్టుడికినది. జస్టిస్ ముక్తదర్ విచారణ సంఘము పోలీసులను దోషులుగా తేల్చినది. కాని ఆ విచారణ పొడుగునను ప్రశ్నింపబడినది ఆ స్త్రీ నడవడియే. వ్యాజ్యెము కర్ణాటకమందలి రాయచూరునకు బదిలీయై 1981లో నిందితులు విడుదలైరి. సభ ముందుకు వచ్చినదాని శీలమును సభ విచారించుట అప్పటికిని మారలేదు.

2019 నవంబరులో హైదరాబాదు శివార్లలో ఒక పశువైద్యురాలు హత్యాచారమునకు బలియైనది. డిసెంబరు 6న నిందితులు నలుగురును పోలీసు కాల్పులలో మరణింపగా జనులు పోలీసులపై పూలు చల్లిరి. పాలెగాని తల తెగిన సంతోషము అది. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ సంఘము 2022లో, ఆ కాల్పులు చంపవలెనన్న తలంపుతోనే జరిగినవని, పోలీసులు చెప్పిన వృత్తాంతము నమ్మదగినది కాదని నిర్ణయించినది. ఆ వారములోనే, 2019 డిసెంబరు 13న, ఆంధ్రప్రదేశ్ శాసనసభ ‘దిశ’ బిల్లును ఆమోదించినది. 21 పని దినములలో తీర్పు, మరణదండన అందలి ముఖ్యాంశములు. అది రాష్ట్రపతి ఆమోదము పొందలేదు. త్వరితగతిని న్యాయము జరుగరాదని మేమనము. ఐనను 21 దినముల లెక్క నిందితుని చుట్టు తిరుగు లెక్క. సైరంధ్రి అడిగిన పదమూడు దినముల లెక్క వేరు.

ఆ రెండవ లెక్కకు సంబంధించిన ఏర్పాట్లు మన దేశమున లేకపోలేదు. ప్రభుత్వాసుపత్రియైనను ప్రైవేటు ఆసుపత్రియైనను బాధితురాలికి వెంటనే ఉచితముగ చికిత్స చేయవలెనని 2013 సవరణ విధించినది. కన్యాత్వపరీక్షవంటి అవమానకరమైన పరీక్ష ఆమె గౌరవమునకు భంగకరమని సుప్రీంకోర్టు ఆ యేడే చెప్పి, 2022లో మరల గట్టిగా నిషేధించినది. 2006 అక్టోబరు 26 నుండి అమలులోనున్న గృహహింస చట్టము భార్యకు కాపురమున్న ఇంటిలో నివసించు హక్కును గుర్తించినది. అనగా ఊరు విడిచి పొమ్మను విరాటుని ఆజ్ఞకు ప్రత్యుత్తరము. 2015 నుండి చికిత్స, న్యాయ సహాయము, తాత్కాలిక వసతి ఒక్కచోటనే లభింపవలెనని సఖి కేంద్రములు వెలసినవి. 181 అను ఫోను సంఖ్య కలదు. వీనిలో ఏది ఎంత చక్కగా నడచుచున్నదన్నది వేరొక పరిశోధన. మేము చెప్పదలచినదేమనగా, ఈ ఏర్పాట్లను జనులకు పరిచయము చేయుటకు పాలెగాని కథలో ఒక్క సందర్భమును లేదు. సైరంధ్రి కథలో అడుగడుగున సందర్భము కలదు.

బాధితురాలే కథ చెప్పినప్పుడు ఏమి జరుగునో ఈ సీమకు పొరుగుననే నిదర్శనము దొరకును. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా త్రాగివచ్చి కొట్టు భర్తల బాధ పడలేక సారా అంగడి మూయించిరి. అక్షరాస్యతా వాచకమున ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అను పాఠముగా వారి వృత్తాంతము చేరగా, రాత్రిబడులలో దానిని చదివిన ఇతర గ్రామముల స్త్రీలు తమ ఊళ్ళలో అదియే చేసిరి. 1992లో ఉద్యమము చిత్తూరు మొదలగు జిల్లాలకు వ్యాపించినది. 1993 అక్టోబరులో సారా నిషేధింపబడినది. ఆ పాఠమున దేవత లేదు, శిరచ్ఛేదము లేదు. మనవంటి వారికి ఇట్లు జరిగినది, మేమిట్లు చేసితిమి అన్న మాట మాత్రమే కలదు. ఎవ్వరితోను చెప్పుకొనని నూటికి 77 మందికి వినవలసిన మాట అదియే.

ఆధునిక రచయిత్రులలో ఓల్గా గారు ఈ మార్గమును ‘విముక్త’ కథలలో చక్కగా త్రొక్కిరి. 2015లో సాహిత్య అకాడమీ పురస్కారము పొందిన ఆ సంపుటమున సీత శూర్పణఖను, అహల్యను, రేణుకను, ఊర్మిళను కలిసికొనును. ముక్కు చెవులు కోల్పోయిన శూర్పణఖ అడవిలో పూదోట పెంచుచు బ్రదుకుచుండును. జరిగినదానిని దాచదు, దానికే బందీ కాదు. రేణుక కథను మేమిక్కడ ప్రత్యేకముగ పేర్కొనుటకు కారణము కలదు. భర్త ఆజ్ఞపై కొడుకు చేతిలో తల తెగిన రేణుకయే మన పల్లెలలో ఎల్లమ్మ. ఆమె కథతో మాతంగికి సంబంధము చెప్పు కథనములు దక్షిణదేశమున పెక్కు. అట్లు చూచినచో జాతరలో ఇల్లిల్లు తిరుగు మాతంగి వెనుక తల తెగిన స్త్రీ యొకతె నిలిచియున్నది. వేషములన్నింటిలో మాతంగికి మాత్రమే ఓదార్చు పని అప్పగించుట యాదృచ్ఛికము కాకపోవచ్చును. ఇది మా ఊహ. జానపద విజ్ఞానవేత్తలు పరిశీలింతురు గాక.

దేశాంతరమునందును ఇట్టి సాదృశ్యము కలదు. నవంబరు 25ను స్త్రీలపై హింసా నిర్మూలన దినముగా ఐక్యరాజ్యసమితి 1999లో ప్రకటించినది. 1960లో ఆ నాడు డొమినికన్ రిపబ్లికులో త్రుహీయో అను నియంత మనుష్యులు మిరాబల్ సోదరీమణులు ముగ్గురిని చంపిరి. మరుసటి సంవత్సరమే త్రుహీయో తుపాకి గుండ్లకు కూలెను. అక్కడికి పాలెగాని కథ ముగిసినది. కాని నాల్గవ సోదరి దేదే మిరాబల్ బ్రదికియుండి, తల్లిలేని బిడ్డలను పెంచి, తమ ఇంటిని స్మారక ప్రదర్శనశాలగా మార్చి, 2014లో తాను కన్నుమూయువరకు వచ్చినవారికెల్ల ఆ వృత్తాంతమును చెప్పుచుండెను. లోకమునకు ఆ ముగ్గురి పేర్లు తెలిసినది ఈ నాల్గవ యామె నోటనే.

జాతర కథను మార్చవలెనని మేమనుట లేదు. మార్చినచో మారునది కాదు, విమర్శకుడు మార్పదగినదియు కాదు. చెప్పువారు మాత్రము ఎక్కడ నిలిచి చెప్పవలెనో ఎంచుకొనగలరు. మాతంగి వేషము నాడు పాలెగాని భార్య ఇంటి ప్రక్క ఇల్లు ఎవరిదని అడుగవచ్చును. భారతము జరుగు ఊళ్ళలో హరికథకుడు కీచకుని చావుతో చిడతలు దింపక, పౌరులు రాజును చూడవచ్చిన ఘట్టమునొక్క అరగడియ విస్తరింపవచ్చును. ఆ పౌరులు కూర్చున్నచోటనే, ఆ వేపచెట్టు క్రిందనే శ్రోతలును కూర్చుండియుందురు. సైరంధ్రి గడువు అడిగిన తరువాత సుదేష్ణ ఆమెను ఉండనిచ్చినది. ఏమని తలచి ఉండనిచ్చినదో, భయముననో జాలిననో, తిక్కన పాఠమునుండి నిర్ణయించుటకు ప్రత్యేక వ్యాసము కావలెను.